ఎక్కేది ఆయన, చదివేది నేను

కొండదారి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా జంటలవే. ఎండ తగ్గుతోంది కదా, ఎవరికీ కాలు ఇంట్లో నిలుస్తున్నట్టు లేదు. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఊళ్లు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న: మేడమ్ గారూ, పెళ్లిచూపుల్లో నాకూ ఆయనకూ కలిసిన మొదటి మాట "ట్రావెలింగ్ అంటే ఇష్టం". ఎంత సంబరపడ్డామో! పెళ్లయి ఎనిమిది నెలలైంది. నాలుగు చోట్లకు వెళ్లాం, నాలుగు చోట్లా గొడవే. గోడ మీద శిల్పం, బండ మీద శాసనం కనబడితే నాకు అక్కణ్ణుంచి కదలబుద్ధి కాదు. ఆయనకేమో తెల్లారేసరికి కొండ కొసన ఉండాలి. "రాళ్లెక్కడికీ పోవు, పద పద" అంటారు. మొన్న భువనగిరి కోట నుంచి తిరిగొస్తూ దారంతా మాట్లాడుకోలేదు. ఇద్దరిదీ ఒకటే ఇష్టం అయినప్పుడు మాకెందుకిలా అవుతోంది? (ఒక సోదరి, హైదరాబాద్)

జవాబు: అమ్మాయీ, మీది ఒకటే ఇష్టమని ఎవరన్నారు? నాకు మామిడి ఇష్టం అని ఇద్దరూ అంటారు. ఒకరి మనసులో ఆవకాయ ఉంటుంది, ఇంకొకరి మనసులో బంగినపల్లి పండు ఉంటుంది. సంగతి భోజనానికి కూర్చున్నాక గానీ బయటపడదు.

మా సంగతి చెబుతాను. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచరుగా చేశాను. మా ఆయన కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. స్తంభాలెక్కీ ఎక్కీ ఆయనకు ఎత్తు అంటే ఇంటి అరుగుతో సమానం. పెళ్లయిన ఆరు నెలలకి, 1989 ఫిబ్రవరిలో, గుంతకల్లు నుంచి స్కూటరు మీద గుత్తి కోటకు పోయాం. మా మొదటి ట్రిప్పు అదే. నీళ్లు ఒకే ఒక్క సీసా, అదీ ఆయన భుజాన ఉన్న సంచిలో.

గుత్తి కొండ చుట్టుపక్కల నేల కంటే దాదాపు వెయ్యి అడుగులు ఎత్తు. బండల మీద చాళుక్య ఆరో విక్రమాదిత్యుడి కాలం నాటి శాసనాలున్నాయి. బుక్కరాయల కాలం నాటి శాసనంలో ఈ కోటను దుర్గాలకే రాజు అన్నారు. ఇవన్నీ పుస్తకాల్లో చదివి, పిల్లలకు పాఠం చెప్పి, కళ్లారా చూడకుండా ఉన్న మనిషిని నేను. ఒక బండ దగ్గర అక్షరాలు కనబడగానే కూలబడ్డాను. "నువ్వు నిదానంగా రా" అని ఆయన పైకి పోయారు. సంచీ ఆయనతోనే పోయింది.

గంట గడిచింది, రెండు గంటలు గడిచాయి. రాయలసీమలో ఫిబ్రవరి ఎండని తక్కువ అంచనా వేయకూడదు, పదకొండుకల్లా బండ సెగ కొడుతుంది. నాలుక పిడచ కట్టుకుపోయింది. ఆయనేమో పైన మురారిరావు గద్దె అనే చిన్న మంటపంలో, లోయ అంచున, చల్లగాలికి కాళ్లు చాపుకుని కూర్చున్నారట. మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడని చెబుతారు. నేను వెనకే వస్తున్నాననుకుని ఈయన నా కోసం చూస్తూ చూస్తూ నీళ్లన్నీ తాగేశారు.

కిందికొచ్చి ఖాళీ సీసా చూపించేసరికి నాకు ఒళ్లు మండింది. "1776లో హైదర్ అలీ ఈ కోటను ఎలా పట్టాడో తెలుసా మీకు? ఫిరంగులతో కాదు. లోపల నీళ్లైపోయాయి, అందుకే మురారిరావు లొంగిపోయాడు" అని అక్కడికక్కడే పాఠం మొదలుపెట్టాను. ఆయన నిమ్మళంగా అంతా విని ఒకటే అన్నారు: "నీకు ముందే తెలుసు కదా, మరి నువ్వెందుకు ఒక సీసా తెచ్చుకోలేదు?"

నా దగ్గర జవాబు లేదు. ఈ రోజుకీ లేదు.

ఆ సాయంత్రం కొండ కింద ఉన్న దొరల సమాధుల దగ్గర సోడా తాగుతూ రాజీపడ్డాం. మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో పోతే ముందు పాతిపెట్టింది ఇక్కడే. నాలుగేళ్లకు ఆ అవశేషాలను మద్రాసు తీసుకుపోయారు. నిజాం ఇంగ్లీషువాళ్లకు ఇచ్చేసిన దత్తమండలాలకు మొదటి కలెక్టరుగా చేసిన మన్రో పేరు మా సీమలో తాతలు ఇప్పటికీ తలుస్తారు. నేను ఆ కథంతా చెబుతుంటే ఆయన సోడా సీసా పక్కనపెట్టి విన్నారు. కొండ మీద విననివాడు కింద విన్నాడేమిటా అనుకున్నాను. ఎక్కాల్సింది ఎక్కేశాక ఆయన చెవులు ఖాళీ అవుతాయని నాకు అప్పుడే తెలిసింది.

అప్పటినుంచి మా పద్ధతి ఇది. కోట గుమ్మం దాకా కలిసే వెళతాం. అక్కడ చేతి గడియారాలు చూసుకుని విడిపోతాం. ఆయన పైకి, నేను రాళ్ల దగ్గరికి. ఎవరి నీళ్లు వారివి, ఎవరి బిస్కెట్లు వారివి. చెప్పుకున్న టైముకి చెప్పుకున్న చోట కలవాలి. ఆలస్యమైనవాళ్లు ఆ రాత్రి భోజనం డబ్బులివ్వాలి (ముప్పై ఏళ్ల లెక్క తీస్తే నేనే ఎక్కువ ఇచ్చుంటాను). తరువాత ఆయన చూసొచ్చిన దారిలో నన్ను తీసుకుపోతారు, నా కాళ్లకు ఎంత వీలైతే అంత. పైన ఏ బండ జారుతుందో, ఎక్కడ తేనెపట్టు ఉందో ఆయనకు అప్పటికే తెలుసు. నేను చదివింది ఆయనకు పైన కూర్చోబెట్టి చెబుతాను.

ప్రతి నిమిషం పక్కపక్కనే ఉండాలన్నది పెళ్లి ఫొటోగ్రాఫర్ల సరదా. కొండ మీద దానితో పని లేదు.

ఇంకో సంగతి. ఒకసారి సాయంత్రం వేళ ఒక శాసనానికి ఎదురుగా టార్చి కొట్టుకుంటూ నేను తంటాలు పడుతున్నాను, ఒక్క అక్షరమూ తేలడం లేదు. మా ఆయన టార్చి లాక్కుని రాయికి పక్కగా, నేలబారుగా పట్టుకున్నారు. గాడుల్లో నీడ పడి అక్షరాలన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. "పింగాణీ ఇన్సులేటరు మీద వెంట్రుకంత పగులు చూడాలన్నా ఇట్లాగే కొడతాం" అన్నారు. నేను చదివిన పుస్తకాల్లో ఎవరూ చెప్పని మాట అది. మీవారి చేతికి కూడా ఒక టార్చి ఇచ్చి చూడు. "పద పద" అనే మనిషికి చేతిలో పని ఉంటే కాస్త నిలబడతాడు.

భువనగిరి సంగతంటావా, అక్కడ మీ ఇద్దరికీ సరిపడా ఉంది. ఆ ఏకశిల మీద తాళ్లు పట్టుకుని ఎక్కడం నేర్చుకున్న మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, అప్పటికి ఆ పిల్లకు పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఆ కొండకు పేరొచ్చింది త్రిభువనమల్ల బిరుదున్న ఆరో విక్రమాదిత్యుడి వల్ల, అంటే గుత్తిలో నన్ను కూలబడేసిన ఆ రాజే. ఈసారి మీవారికి పూర్ణ కథ నువ్వు చెప్పు. రాజు కథ దారిలో ఆయనే అడుగుతారు.

అయిదో ట్రిప్పుకి గండికోట దారి పట్టండి. కానీ నేరుగా పోకండి. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో ఆగండి. చెన్నకేశవస్వామి గుడి ఆవరణలో రేనాటి చోళుల శాసనం ఉంది, సుమారు క్రీ.శ. 575 నాటిది. తెలుగు మాటలు వాక్యంగా కనబడే మొట్టమొదటి శాసనాల్లో దాన్ని లెక్కపెడతారు. "ధనంజయుదు రేనాండు ఏళన్" అని ఉంటుంది, ధనంజయుడు రేనాడు ఏలుతుండగా అని. రాయి విరిగిపోయింది, సగం మాటలు లేవు, అయినా ఆ "ఏళన్" దగ్గర నా గొంతు పట్టేసింది. మా ఆయన కూడా ఆ ఊళ్లో మైమరచి నిలబడ్డారు, కాకపోతే గుడి వైపు కాదు. అదే ఊరి పొలిమేరలో ఉన్న థర్మల్ విద్యుత్ కేంద్రం పొగ గొట్టాల వైపు. ఆయన ఆనందం ఆయనది.

ప్రశ్న: అక్కా, ఈ చలికాలం గండికోటలో టెంటు వేసుకుని పడుకోవాలని మా ఇద్దరి కోరిక. ఇంట్లో అమ్మ ఒప్పుకోవడం లేదు, టెన్షన్ పడుతోంది. నిజంగా ప్రమాదమా? (ఒక సోదరుడు, నంద్యాల)

జవాబు: మీ అమ్మగారు భయపడే పాములు, దొంగల సంగతి అటుంచు తమ్ముడూ. గండికోటలో నాకు భయం వేసేది ఒక్కటే: గండి. పెన్నా నది ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పోయిన ఆ లోయ అంచున బండలే తప్ప చాలాచోట్ల అడ్డంటూ ఏమీ ఉండదు. పగలు చూసి మురిసిన అంచే రాత్రి మూత్రానికి లేచినవాడికి కనబడదు. టెంటు అంచుకి బాగా దూరంగా వేసుకోండి, ఫొటోలో లోయ కనబడకపోయినా ఫరవాలేదు. వాన పడ్డ తెల్లారి బండల మీదికి పోవద్దు. సెల్ఫీ వెనక్కి నడుస్తూ తీసుకోవద్దు. మందు కొట్టే గుంపు పక్కన ఉంటే టెంటు పీకి వేరేచోట వేసుకోండి, లేదా టూరిజం వాళ్ల హోటల్లో గది తీసుకోండి. పరువేమీ పోదు.

సూర్యోదయం చూసి వెనక్కి తిరిగొచ్చే గుంపుల్ని చూస్తే నాకు బాధేస్తుంది. కోట లోపల మాధవరాయస్వామి గుడి, రంగనాథుడి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం అన్నీ నడిచిపోయేంత దగ్గర్లోనే ఉన్నాయి. పెమ్మసాని నాయకుల చేతిలో ఉన్న ఈ కోటను గోల్కొండ తరఫున మీర్ జుమ్లా పట్టుకున్నాడు. 1652లో ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఇంత దూరం వచ్చి ఆయన్ని ఇక్కడే కలిశాడు. ముత్యాలు చూపించి బేరమాడటానికి ఒకడు ఫ్రాన్సు నుంచి వచ్చిన చోట మనం ఒక ఫొటో దిగి వెళ్లిపోతున్నాం!

అమ్మగారికి మాత్రం రాత్రి తొమ్మిదింటికి, పొద్దున ఆరింటికి ఫోను చెయ్యి. సిగ్నల్ అందకపోవచ్చని ముందే చెప్పిపెట్టు.

ప్రశ్న: మాకు అరవై రెండు, యాభై తొమ్మిది. ఇద్దరికీ మోకాళ్ల నొప్పులు. పిల్లలు అమెరికాలో ఉన్నారు. ఉద్యోగమంతా "రిటైరయ్యాక చూద్దాంలే" అనుకుంటూ గడిపేశాం. ఇప్పుడు ఆలస్యమైపోయిందా? (ఒక దంపతులు, విజయవాడ)

జవాబు: ఎక్కే కోటలకు ఆలస్యమైంది. కారు గుమ్మందాకా పోయే కోటలు బోలెడున్నాయి. గండికోట అలాంటిదే. చంద్రగిరిలో రాజమహల్ చదునైన నేల మీద ఉంది. ఓరుగల్లు కోటలో కాకతీయుల తోరణాల మధ్య ఒక పూట కూర్చుని, మర్నాడు రామప్పకు వెళ్లండి. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక ఆదివారాలు జనం ఎక్కువ, మీకు ఎలాగూ సెలవుల గొడవ లేదు కాబట్టి మంగళవారమో బుధవారమో పోండి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి: మోకాలు గోల పెట్టేది ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఎక్కగలిగాం కదా అని ఎక్కేయకండి. చేతికర్ర నామోషీ కాదు, నాదైతే వెదురుది, అయిదేళ్లుగా వాడుతున్నాను.

ప్రశ్న: నాకు బెలుం గుహలు చూడాలని చిన్నప్పటి నుంచి కోరిక. మావారికి లిఫ్టులో కూడా ఊపిరాడదు. ఆయన్ని ఎలా ఒప్పించాలి? (ఒక సోదరి, అనంతపురం)

జవాబు: ఒప్పించకండి. తీసుకెళ్లండి, బయట కూర్చునే హక్కు ఆయనకు ముందే ఇవ్వండి.

ఈ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఎందుకంటే మా ఇంట్లో అది నాది. కొండలెక్కే మనిషికి నేల కింద కూడా ధైర్యమే ఉంటుంది, పుస్తకాలు చదివే దానికే గుండె దడ. గుహకి నడవా లాంటి ద్వారం ఉండదు, చదునైన పొలాల మధ్య బావిలాంటి గొయ్యిలోకి మెట్లు దిగాలి. బిలం అన్న మాటే బెలుం అయిందంటారు. కొలిచిన పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది సుమారు కిలోమీటరున్నర. నేల కింద నీళ్లు సున్నపురాయిని తొలిచి తొలిచి చేసిన దారులివి. లోపల దీపాలున్నాయి, గాలి కోసం పైనుంచి గొట్టాలు దించారు. ఆ గొట్టాల కింద నిలబడితే ప్రాణం లేచొస్తుంది. మిగతాచోట్ల ఉక్క, చెమట. మొదటి హాళ్లు బాగా విశాలంగా ఉంటాయి, చాలామందికి అక్కడ ఏమీ అనిపించదు. ఇబ్బంది పాతాళగంగ దారిలో. అక్కడ వంగి నడవాలి, గుహలో అన్నిటికంటే లోతైన చోటు అదే, 46 మీటర్లు.

నేను మొదటిసారి ఆ వంపు దగ్గర ఆగిపోయాను. మా ఆయన నవ్వలేదు, ధైర్యం చెప్పనూ లేదు. "నేను చూసొచ్చి చెబుతా, నువ్వు ఆ గాలి గొట్టం కింద నిలబడు" అన్నారు. పావుగంటలో తిరిగొచ్చి, రాతి కింద నీళ్లు ఎలా పారుతూ మాయమవుతున్నాయో చేతులు తిప్పుతూ చెప్పారు. మూడోసారి వెళ్లినప్పుడు నేనే దిగాను. మధ్యలో రెండేళ్లు పట్టింది, ఏం కొంప మునిగింది?

దారిలో మీవారికి ఒక కథ చెప్పండి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు. ఆ తరువాత దాదాపు వందేళ్లు వాటినెవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1982, 83లో జర్మనీ నుంచి గుహలు కొలిచేవాళ్లు వచ్చి టేపులు పట్టుకుని పాకుతూ పటం గీశారు. దీపాలూ లేవు, గాలి గొట్టాలూ లేవు అప్పుడు. ఇది విని ఆయనకు ధైర్యం రావచ్చు, ఇంకా భయం పెరగనూవచ్చు. మీవారి సంగతి మీకే తెలియాలి.

ప్రశ్న: గత నెల మీ శీర్షికలో వేసిన ఫొటోలో శాసనం అక్షరాల్లో తెల్లటి సుద్ద నింపి ఉంది. చదువు చెప్పినవారు మీరే ఇలా చేస్తే పిల్లలు ఏం నేర్చుకుంటారు? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ప్రొద్దుటూరు)

జవాబు: మాస్టారూ, చెంపలు వేసుకుంటున్నాను. అది 1993 నాటి ఫొటో. సుద్ద రుద్దింది మా ఆయనైనా రుద్దమన్నది నేనే. ఫొటోలో బాగా పడుతుందన్న ఒక్కటే ఆలోచన. పాత ఆల్బమ్‌లోంచి తీసి పంపేటప్పుడైనా ఒక మాట రాయాల్సింది, రాయలేదు.

సుద్ద, సున్నం, నూనె, పసుపు ఏదైనా సరే, శాసనం మీద పెట్టకూడదు. రాతి గాడుల్లో చేరి అరుగుదల తెస్తుంది. పైగా మనకు అక్షరం అనిపించిన చోటల్లా సుద్ద నింపుతాం, తరువాత వచ్చేవాళ్లు మన తప్పునే చదువుతారు. శాసన పరిశోధకులు తడిపిన కాగితం రాతికి అంటించి, బ్రష్షుతో గాడుల్లోకి కొట్టి, పైన సిరా అద్ది నకలు తీస్తారు. అది వాళ్ల పని, మనం ఇంట్లో నేర్చుకుని చేసేది కాదు. మనకు పక్కనుంచి టార్చి, ఒక ఫోను చాలు.

కోట గోడల మీద గుండె బొమ్మ గీసి రెండు పేర్లు రాసే జంటలకూ ఈ జవాబే. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాన్ని పాడుచేస్తే చట్టప్రకారం రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. అంత ప్రేమ ఉంటే ఇంటి గోడ మీద రాసుకోండి, సున్నం వేసేటప్పుడు అత్తగారే చెబుతారు ఏం చేయాలో.

ప్రశ్న: అత్తగారంటే గుర్తొచ్చింది మేడమ్. మా అత్తయ్య "పిల్లల్ని కనాల్సిన వయసులో కొండలేమిటి" అని రోజూ అంటున్నారు. ఏం చెప్పను? (ఒక సోదరి, రాజమహేంద్రవరం)

జవాబు: ఒకసారి ఆవిడనీ తీసుకెళ్లమ్మా. మా అత్తగారూ అదే మాట అనేవారు. అహోబిలంలో ఎగువ గుడికి తీసుకెళ్లాం. ఆవిడ నా కంటే ముందు నడిచారు. ఆ తరువాత నెలనెలా "ఈసారి ఎక్కడికే?" అని అడిగేవారు. అదీ ఇబ్బందే అనుకో, ముగ్గురికి స్కూటరు చాలదు.

ప్రశ్న: మీరిద్దరూ ఇన్నేళ్లు తిరిగారు. ఇంకా చూడకుండా మిగిలిపోయిన చోటు ఏదైనా ఉందా? (ఒక పాఠకుడు, మిర్యాలగూడ)

జవాబు: ఉంది. మీ ఊరికి దగ్గర్లోనే. నాగార్జునకొండ.

నేను మూడుసార్లు చూశాను, స్కూలు పిల్లలతో. ఆయన ఒక్కసారీ రాలేదు. సాగర్ ఆనకట్ట కడితే మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా ఆ లోయంతా తవ్వి, ఇక్ష్వాకుల విజయపురిలో దొరికినవాటిని కొండ మీదికి చేర్చారు. ఇప్పుడు ఆ కొండ నీళ్ల మధ్య ద్వీపం. యుద్ధంలో చచ్చిపోయిన సైనికుల కోసం నిలబెట్టిన ఛాయాస్తంభాలు అక్కడివి. వాటి దగ్గర నిలబడ్డప్పుడల్లా పక్కన ఆయన ఉంటే బాగుండుననిపిస్తుంది.

రాకపోవడానికి కారణం రాస్తే కోప్పడతారు గానీ రాస్తున్నాను. అక్కడికి లాంచీలో పోవాలి. 132 కేవీ టవరు ఎక్కి పైన కూర్చుని టిఫిను తిన్న మనిషికి నీళ్లంటే భయం, ఈత రాదు. బెలుంలో నా కోసం ఆయన చేసిందే ఇన్నేళ్లూ నేనూ చేశాను, వెళ్లొచ్చి చేతులు తిప్పుతూ చెప్పాను. ఈ డిసెంబరులో వస్తానని ఆయనంతట ఆయనే అన్నారు. టికెట్లు రెండు తీయమన్నారు. ఎందుకైనా మంచిదని సంచిలో ఒక చాపా, పేపరూ కూడా పెట్టుకున్నారు, ఒడ్డున కూర్చోవాల్సి వస్తే పనికొస్తాయని.